లియాండర్‌లో ధర దిగుతున్న ఇంటికి ఎంత ఆఫర్ ఇవ్వాలి?

గోదావరి గట్టు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మేము ఆరేళ్లుగా టెక్సస్‌లో, ఆస్టిన్ ఉత్తర శివారులోని సెడార్ పార్క్‌లో రెండు పడక గదుల ఇంట్లో నెలకు 2,400 డాలర్ల అద్దెకు ఉంటున్నాము. నాది హెచ్-1బి ఉద్యోగ వీసా, ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే దరఖాస్తు) ఆమోదం వచ్చింది. మా అమ్మాయి వచ్చే ఏడాది మిడిల్ స్కూలుకు వెళ్తుంది కనుక, తన చదువు పూర్తయ్యే వరకు ఒకే చోట ఉండాలని మళ్లీ ఇల్లు వెతకడం మొదలుపెట్టాము. మళ్లీ అనడానికి కారణం ఉంది. 2021లో వరుసగా అయిదు ఆఫర్లు పోగొట్టుకుని విసిగి మానుకున్నవాళ్లం మేము. ఆనాడు అడిగిన ధర మీద యాభై వేలు ఎక్కువ ఇస్తామన్నా ఇల్లు దక్కలేదు. ఈనాడు ఎంత తగ్గించి అడగాలో తెలియక తల పట్టుకుంటున్నాము.

ప్రస్తుతం రెండు ఇళ్లు చూస్తున్నాము. మొదటిది లియాండర్‌లో 2018లో కట్టిన 2,650 చదరపు అడుగుల, నాలుగు పడక గదుల ఇల్లు. యజమాని 2022 ఏప్రిల్‌లో కొన్నారు, మొదట 5,65,000 డాలర్లకు పెట్టి, రెండుసార్లు తగ్గించి ఇప్పుడు 5,29,000 అంటున్నారు, అమ్మకానికి పెట్టి 104 రోజులైంది. అదే కాలనీలో ఇటీవలి అమ్మకాలు మూడింటిని మా ఏజెంటు చూపించారు: 2,600 అడుగుల ఇల్లు నాలుగు నెలల క్రితం 4,92,000కు, 2,100 అడుగుల ఇల్లు రెండు నెలల క్రితం 4,20,000కు, 3,100 అడుగుల ఇల్లు అయిదు నెలల క్రితం 5,40,000కు పోయాయి. మూడింటి సగటు తీస్తే అడుగుకు 188 డాలర్లు, ఆ లెక్కన ఈ ఇల్లు 4,98,000 అవుతోంది. ఈ పద్ధతి సరైనదేనా?

రెండవది లిబర్టీ హిల్ వైపు బిల్డరు కట్టి సిద్ధంగా ఉంచిన కొత్త ఇల్లు, ధర 5,10,000. మొదటి ఏడాది వడ్డీ రెండు శాతం తక్కువగా, రెండో ఏడాది ఒక శాతం తక్కువగా ఇస్తామని, క్లోజింగ్ ఖర్చులకు (కొనుగోలు పూర్తిచేసే రోజు కట్టే రుసుములకు) మరో 10,000 ఇస్తామని అంటున్నారు. మామూలు వడ్డీ 6.25 శాతం. చూడగానే ఇదే లాభమనిపిస్తోంది గానీ, ఏదో తెలియని మెలిక ఉందేమోనన్న అనుమానం పోవడం లేదు. మొదటి ఇంటికి 4,70,000 లోపు అడిగితే యజమాని అవమానంగా భావిస్తారని మా ఏజెంటు అంటున్నారు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

బ్లూబానెట్ బాటసారి:

గోదావరి గట్టు గారూ, ఆ ఇంటి యజమాని 2022లో తాము పెట్టిన సొమ్మును చూసుకుని 5,65,000 దగ్గర మొదలుపెట్టారు, మీరేమో వారు మొదలుపెట్టిన చోటి నుంచి కిందికి కొలుస్తున్నారు. ఆ అంకెకూ ఇంటి నేటి విలువకూ సంబంధం లేదు.

ఆస్టిన్ చుట్టూ ఉన్న అయిదు కౌంటీల మధ్యస్థ ధర 2022 వసంతంలో 5,50,000 డాలర్ల దాకా వెళ్లింది. 2021 జనవరిలో ముప్పై ఏళ్ల రుణం మీద వడ్డీ 2.65 శాతానికి పడిపోవడం, ఇంటి నుంచే ఉద్యోగం చేసుకోగలిగినవారు కాలిఫోర్నియా నుంచి తరలిరావడం, టెస్లా, ఒరాకిల్ పేర్లు వినిపించగానే పెట్టుబడిదారులు ఎగబడడం అన్నీ కలిసి ధరను అక్కడికి లేపాయి. 2022 మార్చిలో ఫెడరల్ రిజర్వ్ వడ్డీలు పెంచడం మొదలుపెట్టగా 2023 అక్టోబరు నాటికి గృహరుణం 7.79 శాతానికి చేరింది. జోరు మీద ఉన్న రోజుల్లో అనుమతులు తీసుకున్న ఇళ్లన్నీ కొనేవారు వెనుకాడుతున్న ఆ వేళకే పూర్తయి అమ్మకానికి వచ్చాయి. 2025లో మధ్యస్థ ధర 4,50,000 దరిదాపుల్లోనో, అంతకు కిందనో తిరిగింది. అంటే శిఖరం నుంచి దాదాపు అయిదో వంతు పోయింది. ఖాళీ భూమి మిగిలి, బిల్డర్లు ఇంకా కడుతూనే ఉన్న లియాండర్, జార్జ్‌టౌన్, కైల్ వంటి శివార్లలో పాత ఇల్లు అమ్మేవారికి పోటీ మరింత ఎక్కువ.

ఇక మీ సగటు సంగతి. చిన్న ఇంటికి అడుగు ధర ఎప్పుడూ ఎక్కువగానే కనిపిస్తుంది, ఎందుకంటే స్థలం, వంటగది, ఏసీ యంత్రం వంటి ఖర్చులు ఇంటి పరిమాణంతో సమానంగా పెరగవు. మీ జాబితాలో 2,100 అడుగుల ఇంటికి అడుగు 200 డాలర్లు పడితే 3,100 అడుగుల ఇంటికి 174 పడింది. ఈ రెండింటి మధ్య వెయ్యి అడుగుల తేడాకు ధరలో తేడా 1,20,000 మాత్రమే కనుక, ఆ కాలనీలో అదనపు అడుగు విలువ 120 డాలర్లు, 188 కాదు. అందుచేత మీ ఇంటికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న 2,600 అడుగుల ఇంటిని మాత్రమే పట్టుకుని, 50 అడుగుల తేడాకు 6,000 కలపండి. అంతకంటే ముందు, ఆ 4,92,000లో అమ్మినవారు కొన్నవారికి క్లోజింగ్ ఖర్చుల కింద తిరిగి ఎంత ఇచ్చారో ఎంఎల్‌ఎస్‌లో (ఏజెంట్లు అమ్మకాల వివరాలు పెట్టే జాబితాలో) చూసి చెప్పమని ఏజెంటును అడగండి. ఉదాహరణకు 12,000 ఇచ్చి ఉంటే అసలు ధర 4,80,000 అవుతుంది, దానికి 6,000 కలిపితే 4,86,000. ఆ అమ్మకం జరిగి నాలుగు నెలలైంది కాబట్టి, దిగుతున్న బజారులో ఒకటిన్నర శాతం తీసేస్తే 4,79,000 దగ్గర తేలుతుంది. నేనైతే 4,62,000తో మొదలుపెట్టి 4,80,000 దగ్గర ఆగుతాను.

టెక్సస్‌లో ఇల్లు ఎంతకు అమ్ముడైందో ప్రభుత్వానికి చెప్పాలన్న నియమం లేదు. దస్తావేజులో పది డాలర్లు, తదితర విలువైన ప్రతిఫలం అని రాసి ఊరుకుంటారు. వెబ్‌సైట్లు చూపించే అంచనాలు ఇక్కడ చాలావరకు అడిగిన ధరల నీడలే కనుక వాటిని పట్టించుకోకండి. అయితే ఒక కిటికీ తెరిచే ఉంది. యజమాని రుణం తీసుకున్నప్పుడు నమోదైన డీడ్ ఆఫ్ ట్రస్ట్ విలియమ్సన్ కౌంటీ క్లర్కు దగ్గర ఎవరైనా చూడవచ్చు, అందులో అప్పు మొత్తం ఉంటుంది. ఆ అంకె ఇంటి విలువను చెప్పదు గానీ, యజమాని తన జేబులోంచి డబ్బు పెట్టకుండా ఎంత వరకు దిగగలరో చెబుతుంది. మీ ఆఫర్ వారికి అవమానమా, అసాధ్యమా అన్నది అక్కడ తేలుతుంది.

రౌండ్ రాక్ వంకాయతోట:

అవమానం అన్న మాట విని నవ్వు వచ్చింది, ఎందుకంటే అలా అవమానపడినవాణ్ణి నేనే. 2022 ఏప్రిల్‌లో, అప్రైజల్ షరతు (బ్యాంకు కట్టిన విలువ తక్కువైతే వెనక్కి తగ్గే హక్కు) కూడా వదులుకుని, అడిగినదానికంటే 60,000 ఎక్కువ పోసి 5,90,000కు కొన్నాను. 2024లో ఉద్యోగం న్యూజెర్సీకి మారింది. మా ఏజెంటు 5,20,000కు పెడదామన్నారు, నేను వినకుండా 5,75,000కు పెట్టించాను. అంత పెట్టి కొన్నవాణ్ణి అంతకంటే తక్కువకు ఎలా అమ్ముతానన్నదే నా వాదన. మొదటి నెలలోనే ఒక తెలుగు కుటుంబం వచ్చి, ఇల్లు నచ్చిందని చెప్పి, 5,15,000 ఇస్తామన్నారు. కౌంటర్ కూడా ఇవ్వకుండా తిరస్కరించాను.

ఆ తరువాత నాలుగుసార్లు తగ్గించాను. ప్రతిసారీ పది, పదిహేను వేలు తగ్గించి నేను ఒక మెట్టు దిగేసరికి బజారు మరో మెట్టు దిగి ఉండేది. చివరికి ఏడో నెలలో 4,88,000కు పోయింది. ఏజెంట్ల కమిషను, టైటిల్ ఖర్చులు, మిగిలిన అప్పు తీర్చగా, డౌన్ పేమెంటుగా పెట్టిన 1,18,000లో 7,000 కూడా చేతికి రాలేదు. ఖాళీ ఇంటి మీద వాయిదా, పన్ను, బీమా కలిపి నెలకు 3,800 చొప్పున ఆ ఏడు నెలల్లో మరో 26,600 పోయింది. సొంతంగా నివసించిన ఇంటి మీద వచ్చిన నష్టాన్ని ఆదాయపు పన్నులో చూపించుకునే వీలు కూడా లేదు. ఆనాటి 5,15,000 ఆఫర్ రాత్రుళ్లు గుర్తొచ్చేది.

ఇదంతా మీకెందుకు చెబుతున్నానంటే, 104 రోజుల తరువాత ఆ ఇంటి యజమాని ఏ స్థితిలో ఉన్నారో బయటి నుంచి తెలుసుకోవచ్చు. ఇల్లు ఖాళీగా ఉందా, మధ్యలో లిస్టింగ్ తీసేసి రోజుల లెక్క మొదటికి వచ్చేలా మళ్లీ పెట్టారా, తగ్గింపులు ఎంతెంత వ్యవధిలో జరిగాయి అన్నవి చూడండి. తగ్గింపుల మధ్య వ్యవధి కుదించుకుపోతుంటే మనిషి మెత్తబడుతున్నట్టే. ఆఫరుతో పాటు మీరు తీసుకున్న అమ్మకాల లెక్కను ఒక పేజీలో మర్యాదగా జతచేయండి. ఆనాడు ఆ కుటుంబం నాకు అలాంటి కాగితం పంపి ఉంటే వినేవాణ్ణా అంటే, నిజాయితీగా చెప్పాలంటే వినేవాణ్ణి కాదు, కానీ నా భార్య చదివి ఉండేది.

లెక్కల మాస్టారి అబ్బాయి:

పై ఇద్దరూ పాత ఇంటి గురించే చెప్పారు కనుక బిల్డరు ఇంటి మెలిక నేను చెబుతాను. 4,00,000 రుణానికి 6.25 శాతం చొప్పున నెల వాయిదా 2,463 డాలర్లు. రెండు శాతం తగ్గితే మొదటి ఏడాది 1,968, ఒక శాతం తగ్గితే రెండో ఏడాది 2,209. రెండేళ్లలో మీకు మిగిలేది కూడితే దాదాపు 9,000 డాలర్లు, బిల్డరుకు అయ్యే ఖర్చూ అంతే. క్లోజింగ్ ఖర్చుల 10,000 కలిపినా మొత్తం 19,000, అనగా 5,10,000 మీద నాలుగు శాతం కూడా కాదు. రెండు శాతం తక్కువ వడ్డీ అన్న మాట చెవికి ఎంత పెద్దగా వినిపిస్తుందో అంకె అంత చిన్నది. మూడో ఏడాది నుంచి పూర్తి వాయిదా కట్టాల్సిందే.

మరి ఆ 19,000ను ధరలోనే తగ్గించవచ్చు కదా అంటే బిల్డరు అంత సులభంగా ఒప్పుకోరు. ఈ ఇల్లు 4,91,000కు పోయినట్టు ఎంఎల్‌ఎస్‌లో పడితే వీధి చివర మిగిలిన పన్నెండు ఇళ్ల ధరా అక్కడికే దిగుతుంది, ముందే కొన్నవారు గొడవకు వస్తారు. అందుకే ధర బోర్డు మీద నిలబడే ఉంటుంది, తగ్గింపు మాత్రం వడ్డీలోనూ వంటింటి సామానులోనూ దాక్కుంటుంది. మీరు తరువాత అమ్మాల్సి వచ్చినప్పుడు ఇదే మీకు ఎదురు తిరుగుతుంది. కాలనీ పూర్తయ్యే వరకు మీ పాత ఇంటికి పోటీ అదే వీధిలోని సరికొత్త ఇల్లు, పైగా దానికి తక్కువ వడ్డీ ఎర కూడా ఉంటుంది. బిల్డరు కాగితాలు రాష్ట్ర రియల్ ఎస్టేట్ కమిషన్ ప్రామాణిక ఫారాలు కావు, వారు సొంతంగా రాయించుకున్నవి. డిపాజిట్ ఏ సందర్భంలో తిరిగి వస్తుందో సంతకానికి ముందే చదవండి.

ఆస్తి పన్ను విషయంలో మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది కొత్త ఇళ్లలోనే. ఇక్కడ పన్ను విలువను ప్రతి జనవరి 1 నాటి స్థితిని బట్టి కడతారు. ఆ రోజుకు మీది ఖాళీ స్థలమైతే మొదటి ఏడాది స్థలం మీద మాత్రమే పన్ను పడుతుంది, ఎస్క్రో వాయిదా (పన్ను, బీమా కోసం రుణసంస్థ నెలనెలా తీసుకునేది) కూడా దానికి తగ్గట్టే చిన్నగా ఉంటుంది. రెండో ఏడాది ఇల్లు మొత్తం లెక్కలోకి వచ్చి, పాత లోటుతో సహా వాయిదా ఒక్కసారిగా ఎగురుతుంది. బిల్డరు తగ్గింపు వడ్డీ కూడా సరిగ్గా అప్పుడే పైకి జరుగుతుంది. దీనికి తోడు, కొత్త కాలనీలకు నీరు, మురుగు పైపుల అప్పు తీర్చే మడ్ (ఎంయూడీ) అనే పన్ను చాలా చోట్ల ఉంటుంది. అన్నీ కలిపి మీ ఇంటికి నూరు డాలర్లకు ఎంత రేటు పడుతుందో రెండు ఇళ్లకూ పక్కపక్కన రాసుకోండి. రేటులో 0.7 తేడా ఉంటే 5,00,000 ఇంటి మీద ఏడాదికి 3,500 డాలర్లు. ఏది కొన్నా, సొంతంగా నివసించే ఇంటికి ఇచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపుకు దరఖాస్తు చేయడం మరవకండి. స్కూలు పన్నులో ఇది 2023లో 1,00,000కు పెరిగి, 2025 నవంబరు ఓటింగుతో 1,40,000 అయింది. ధరలు దిగుతున్న ఏడాదిలో అప్రైజల్ డిస్ట్రిక్ట్ వేసిన విలువను సాధారణంగా మే 15 లోపు ప్రొటెస్ట్ చేయడమూ అంతే ముఖ్యం, మీ క్లోజింగ్ కాగితమే మంచి సాక్ష్యం.

పనిలో పనిగా ఇంకొక సంగతి. తూర్పు ముఖం ఇల్లని ఇరవై వేలు ఎక్కువ అడిగితే, ఆ నమ్మకం మీకుంటే ఇవ్వండి, అందులో తప్పు లేదు. కానీ అమ్మేటప్పుడు ఆ ఇరవై వేలు ఇచ్చేది మళ్లీ మనవాళ్లే. మనవాళ్లు కొనడం తగ్గించిన ఏడాదిలో అమ్మాల్సి వస్తే తూర్పుకూ పడమరకూ ఒకే ధర పలుకుతుంది.

ఇంకా అద్దెలోనే:

మీరందరూ ఎంతకు కొనాలో చెబుతున్నారు, అసలు కొనాలా అని ఎవరూ అడగడం లేదు. గోదావరి గట్టు గారు ఇప్పుడు కడుతున్నది 2,400. ఇరవై శాతం డౌన్ పేమెంటు పెట్టి 4,80,000కు కొన్నా వాయిదా, పన్ను, బీమా, హెచ్‌ఓఏ (కాలనీ సంఘం) రుసుము, మరమ్మతులు కలిపి 3,700 దాటుతుంది. ఆస్టిన్‌లో అపార్ట్‌మెంట్లు విపరీతంగా కట్టడం వల్ల అద్దెలు కూడా దిగాయి. ధర మరో అయిదు శాతం పడితే 24,000, ఆపై అమ్మే ఖర్చు ఆరు, ఏడు శాతం. ఏడేళ్లు కదలకుండా ఉండగలిగితేనే ఈ లెక్క పూడుతుంది.

వడ్డీ తగ్గాక రీఫైనాన్స్ (పాత అప్పు తీర్చి కొత్తది తీసుకోవడం) చేసుకోవచ్చులే అని అందరూ తేలికగా చెబుతారు. ఇంటి విలువ పడిపోతున్నప్పుడు రీఫైనాన్స్ కూడా కొత్త అప్రైజల్ మీదే ఆధారపడుతుంది. పది శాతం మాత్రమే పెట్టి కొని, విలువ పది శాతం పడితే, ఎంత మంచి వడ్డీ వచ్చినా బ్యాంకు తలుపు తెరుచుకోదు. కనుక ఇరవై శాతం పెట్టగలిగితేనే ముందుకు వెళ్లండి. 2025 మే చివరి నుంచి శాశ్వత నివాసం లేనివారికి ప్రభుత్వ హామీ ఉండే ఎఫ్‌హెచ్‌ఏ రుణాలు ఆపేశారు కనుక మీకు మిగిలింది ఎలాగూ ఆ హామీ లేని కన్వెన్షనల్ రుణమే.

హెచ్-1బిలో ఉద్యోగం పోతే ఉన్నది అరవై రోజుల గడువు. మీరు చూస్తున్న ఇల్లే 104 రోజులుగా అమ్ముడుపోని బజారులో ఆ అరవై రోజులు దేనికి సరిపోతాయో ఆలోచించండి. ఇండియాకు తిరిగి వెళ్లిపోయి, పన్ను లెక్కల్లో నాన్ రెసిడెంట్ అయ్యాక అమ్మితే, కొనేవారు సాధారణంగా అమ్మకపు ధరలో 10 నుంచి 15 శాతం పట్టుకుని ఐఆర్‌ఎస్‌కు (పన్ను శాఖకు) జమ చేయాలి. నష్టానికి అమ్మినా సరే, సాధారణంగా రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకునే వరకు ఆ డబ్బు చేతికి రాదు. ఇవన్నీ తెలిసి కొంటే నాకు అభ్యంతరం లేదు.

బ్లూబానెట్ బాటసారి:

అద్దెలోనే గారి వాదనలో బలముంది, ఒక్క చోట మాత్రం విభేదిస్తాను. రెండు పడక గదుల అద్దెనూ నాలుగు పడక గదుల ఇంటి ఖర్చునూ పోల్చకూడదు. అదే కాలనీలో అదే పరిమాణం ఇల్లు అద్దెకు ఎంతకు దొరుకుతుందో చూడండి. అది 2,700 అయితే వారి మాటే నెగ్గుతుంది, 3,100 అయితే తేడా సగానికి సగం తగ్గుతుంది. మరొకటి, ఆఫరులో అప్రైజల్ షరతును వదులుకోకండి. బ్యాంకు పంపే అప్రైజరు ఆ ప్రాంతంలో ధరలు పడుతున్నాయని తన ఫారంలో గుర్తు పెట్టాల్సి ఉంటుంది, మీరు బేరం ఆడలేని చోట ఆ నివేదిక ఆడుతుంది.

గోదావరి గట్టు:

అందరికీ ధన్యవాదాలు. ఆలస్యానికి మన్నించండి, ఈ మూడు వారాల్లో చాలా జరిగింది. కౌంటీ రికార్డు చూస్తే యజమాని 2022లో తీసుకున్న అప్పు 4,40,000 అని తేలింది. ఇప్పటికి మిగిలింది 4,15,000 ఉండవచ్చని అంచనా వేసుకున్నాము, అంటే 4,60,000కు అమ్మినా వారు చేతి డబ్బు పెట్టనక్కరలేదు. 2,600 అడుగుల ఇంటికి అమ్మినవారు తిరిగి ఇచ్చింది 12,000 కాదు, 9,000. ఆ కాలనీలో నాలుగు పడక గదుల ఇళ్ల అద్దె 2,800 నుంచి 2,950 మధ్య ఉంది. నెలకు ఎనిమిది వందల తేడా భరించగలమని, ఉద్యోగం పోయినా ఏడాది వాయిదాలు కట్టగలిగే సొమ్ము పక్కన ఉందని లెక్క చూసుకున్నాకే ముందుకు వెళ్లాము. బిల్డరును ధర తగ్గించమని అడిగితే ఫ్రిజ్జు ఇస్తామన్నారు, ఆ ఇల్లు వదిలేశాము.

లెక్క కాగితం జతచేసి 4,62,000 ఆఫర్ ఇచ్చాము. రెండు రోజులు జవాబు రాలేదు, మూడో రోజు 4,95,000 అన్నారు. మేము 4,70,000 అన్నాము. చివరికి 4,77,000 దగ్గర, అప్రైజల్ షరతుతో, ఏడు రోజుల ఆప్షన్ గడువుతో (ఈలోగా ఏ కారణానికైనా వెనక్కి తగ్గవచ్చు) సంతకాలయ్యాయి. ఇన్‌స్పెక్షన్‌లో పునాది బాగుందని తేలింది గానీ, పైకప్పు మీద వడగళ్ల దెబ్బలు కనిపించాయి. ఇప్పుడున్న స్థితిలో దానికి బీమా ఇవ్వడానికి ఒక కంపెనీ నిరాకరించింది. కప్పు మార్చడానికి ఇద్దరిని అడిగితే ఒకరు 14,500, మరొకరు 17,000 చెప్పారు. యజమాని బీమా క్లెయిము పెట్టి మార్పించాలా, లేక ధరలో తగ్గించమని అడగాలా అన్నది ఇప్పుడు తేల్చుకోవాలి. ఆప్షన్ గడువు శుక్రవారం సాయంత్రం 5 గంటలకు ముగుస్తుంది, ఈలోగా వడగళ్ల క్లెయిము అనుభవం ఉన్నవారు ఎవరైనా ఉంటే చెప్పగలరు.